ఓటుకు పాత్రులెవరు?

దానం చేసేటప్పుడు పాత్రత చూడాలని మన పెద్దలు చెప్పారు. అపాత్రదానం పుచ్చుకున్నవాడికే కాక ఇచ్చినవాడికి కూడా దోషమన్నారు. ఈ భావన మనలో ఎంతగా జీర్ణించుకుపోయిందంటే, ఎవరికి ఏది దక్కినా "వాడికేం అర్హత ఉంది?" అన్న ప్రశ్నే ముందు నోట వస్తుంది. ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా రైలు పెట్టెల్లో, కార్యాలయాల్లో, పెళ్ళి పందిళ్ళలో ఈ ప్రశ్న ఒక ప్రత్యేక రూపం ధరిస్తుంది: "సంతకం చేయడం రానివాడికి ఓటెందుకండీ?"

అడిగేవారు దుర్మార్గులు కారు. చాలామంది దేశం బాగుపడాలని కోరేవారే. వైద్యం చేయడానికి పట్టా కావాలి, బస్సు నడపడానికి లైసెన్సు కావాలి, గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష రాయాలి. దేశాన్ని ఎవరు పాలించాలో నిర్ణయించడానికి మాత్రం ఏ అర్హతా అక్కరలేదా అన్నది వారి వాదం. పైకి ఇది కాదనలేనిదిగానే కనిపిస్తుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. దీన్ని ఎంతో సౌమ్యంగా, ఎంతో తర్కబద్ధంగా అడిగినవారిలో ఒకడు జాన్ స్టూవర్ట్ మిల్. స్వేచ్ఛను గురించి, స్త్రీల హక్కులను గురించి తన కాలానికి ఎంతో ముందు నడిచిన ఆ ఆంగ్ల తత్త్వవేత్త, చదవడం, రాయడం, సామాన్యమైన లెక్కలు చేయడం రానివారికి ఓటు ఇవ్వరాదని 1861లో వెలువరించిన తన గ్రంథంలో వాదించాడు. అంతటితో ఆగక, విద్యావంతులకు ఒకటికి మించి ఓట్లు ఉండాలన్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి మన దేశపు కాగితాలు చూసిన మనిషి ఆయన. ప్రజాస్వామ్యాన్ని ప్రేమించినవాడు కూడా పామరుడి చేతికి ఓటు ఇవ్వడానికి ఎంత జంకాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్రిటిష్ ఇండియాలో ఓటు హక్కును ఇదే కొలబద్దతో కొలిచారు. ఆస్తి, పన్ను, చదువు: ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉన్నవాడే ఓటరు. స్త్రీలలో కొందరికి భర్త ఆస్తిని బట్టి, కొందరికి అక్షరజ్ఞానాన్ని బట్టి ఆ హక్కు వచ్చింది. 1935 చట్టం కింద 1937లో రాష్ట్ర శాసనసభలకు ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్ల సంఖ్య సుమారు 3 కోట్లు. వయోజనులందరికీ ఓటు ఇవ్వడం ఆచరణసాధ్యం కాదని అంతకు ముందే, 1932లో, లోథియన్ సంఘం తేల్చింది. ఇంత పెద్ద దేశంలో, ఇంతమంది నిరక్షరాస్యులతో అది ఎలా కుదురుతుందని వారి సందేహం.

ఈ సందేహానికి సూటిగా సమాధానం చెప్పినవాడు డాక్టర్ అంబేద్కర్. 1928లో సైమన్ కమిషన్ ముందుకు వెళ్ళినప్పుడు ఆయన వయోజన ఓటు హక్కును కోరాడు. అక్షరాస్యతను అర్హతగా పెట్టేవారు రెండు పొరపాట్లు చేస్తున్నారన్నది ఆయన వాదం. చదువు రానివాడికి తెలివి కూడా ఉండదనుకోవడం మొదటిది. చదువు వచ్చినంత మాత్రాన తెలివి పెరుగుతుందనుకోవడం రెండవది. దీనికి తోడు మరో మాట ఉంది. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వకుండా కొందరిని దూరంగా ఉంచి, ఆ పిదప "నీకు చదువు లేదు గనుక ఓటు లేదు" అనడం ఎటువంటి న్యాయం? తలుపు మూసినవాడే, లోపలికి రాలేదని తప్పు పట్టడం కదా ఇది!

స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగసభ వయోజన ఓటు హక్కును ఆమోదించింది. ఆ సభ స్వయంగా వయోజన ఓటు మీద ఎన్నికైనది కాదు. పరిమిత ఓటు హక్కుతో ఎన్నికైన శాసనసభ్యులే దాని సభ్యులలో అత్యధికులను ఎన్నుకున్నారు. కొద్దిమంది ఓట్లతో ఏర్పడిన సభ అందరికీ ఓటు ఇచ్చింది. ఇటువంటిది చరిత్రలో తరచుగా జరిగే పని కాదు. తమ చేతిలోని అధికారాన్ని పలచన చేసుకోవడానికి ఎవరు ఇష్టపడతారు?

నెల్లూరు జిల్లాలో పుట్టి మద్రాసులో న్యాయవాదిగా పేరుగాంచిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, రాజ్యాంగం ముగింపు దశలో 1949 నవంబర్ 23న చేసిన ప్రసంగంలో, సామాన్యుని మీద అపారమైన విశ్వాసంతోనే సభ ఈ నిర్ణయం తీసుకున్నదని చెప్పారు. మూడు రోజుల తరువాత, నవంబర్ 26న, సభాధ్యక్షుడు బాబూ రాజేంద్ర ప్రసాద్ మాట్లాడారు. ఆయన ప్రసంగంలో ఒక విచారం, ఒక నమ్మకం పక్కపక్కనే కనిపిస్తాయి. చట్టాన్ని అమలు చేసేవారికి ఉన్నత విద్యార్హతలు కోరుతూ, చట్టాన్ని చేసేవారికి ఏ అర్హతా నిర్ణయించలేకపోయామే అన్నది విచారం. ఓటరు విషయంలో మాత్రం ఆయనకు బెంగ లేదు. తాను పల్లెటూరి వాడినని, పల్లెజనానికి అక్షరాలు రాకపోయినా ఇంగితజ్ఞానం, సంస్కారం ఉన్నాయని, విషయం విడమరచి చెబితే తమ మేలు, దేశం మేలు వారు తెలుసుకోగలరని ఆయన అన్నారు. నాయకునికి అర్హత ఉండాలని కోరుతూ ఓటరుకు అక్కరలేదన్న ఈ తేడా ఆలోచించదగినది. మనం సాధారణంగా దీనికి సరిగ్గా తలకిందులుగా మాట్లాడుతుంటాం.

ఇంతవరకు జరిగినది వాదం. అసలు కథ 1950 మార్చిలో మొదలవుతుంది. ఆ నెలలో సుకుమార్ సేన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా నియమితులయ్యారు. ఆయన ఐ.సి.ఎస్. అధికారి, గణిత శాస్త్రంలో లండన్ విశ్వవిద్యాలయపు స్వర్ణపతక గ్రహీత, అప్పటికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి. ఆయన ముందున్న లెక్క ఏ పాఠ్యగ్రంథంలోనూ లేనిది. 21 ఏళ్ళు నిండిన ఓటర్లు 17 కోట్లకు పైగా ఉన్నారు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. స్త్రీలలో నూటికి 9 మంది కూడా లేరు. అభ్యర్థి పేరు చదవలేనివాడు ఆ అభ్యర్థికి ఓటు వేయడం ఎలా?

ఇక్కడ రెండు దారులున్నాయి. ఓటరును పరీక్షించి, యోగ్యుడైతేనే రమ్మనడం ఒకటి. ఓటరు ఎలా ఉన్నాడో అలాగే అంగీకరించి, ఎన్నికల ఏర్పాటును అతనికి తగినట్టు తీర్చిదిద్దడం రెండవది. సేన్ రెండవ దారి పట్టారు. అర్హత పరీక్ష ఓటరుకు కాదు, ప్రభుత్వానికి. 1951-52 ఎన్నికల గొప్పతనమంతా ఈ ఒక్క మలుపులోనే ఉందని నా అభిప్రాయం.

ఆ ఏర్పాటు ఎంత సరళమైనదో చూడండి. ప్రతి పార్టీకీ నిత్యజీవితంలో కనిపించే ఒక గుర్తు ఇచ్చారు. కాంగ్రెస్‌కు కాడెద్దుల జత, సోషలిస్టులకు మర్రిచెట్టు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, జనసంఘ్‌కు దీపం, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె. ఎద్దులను, గుడిసెను గుర్తుపట్టలేని పల్లెటూరి వాడు ఈ దేశంలో ఎవడు? అంతటితో ఆగలేదు. కాగితం మీద ముద్ర వేయడంలో కూడా పొరపాటు జరగవచ్చునని, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద అతని గుర్తు అతికించారు. ఓటరు చేయవలసిందల్లా రూపాయి నోటంత ఉన్న చీటీని తనకు నచ్చిన పెట్టెలో వేయడమే. ఎన్ని పెట్టెలు? సుమారు 20 లక్షలు. వాటికి పట్టిన ఉక్కు 8,200 టన్నులు. ఓటర్ల జాబితాలను టైపు చేయడానికి ఆరు నెలల ఒప్పందం మీద 16,500 మంది గుమాస్తాలు పనిచేశారు. ఒకరు రెండుసార్లు ఓటు వేయకుండా వేలికి చెరగని సిరా పూశారు. ఓటు ఎలా వేయాలో సినిమా హాళ్ళలో చిన్న చిత్రాలతో, రేడియోలో ప్రసంగాలతో చెప్పించారు.

జాబితాల పని నిజానికి సేన్ రాకముందే, రాజ్యాంగం ఇంకా ముసాయిదాగా ఉన్న రోజుల్లోనే, రాజ్యాంగసభ కార్యాలయం చేతుల మీదుగా ఆరంభమైంది. దేశ విభజన వల్ల ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన కాందిశీకులకు నివాసాన్ని రుజువు చేసే కాగితాలు ఎక్కడివి? ఇక్కడే స్థిరపడదలచాను అని చెప్పిన మాటనే ప్రమాణంగా తీసుకొని వారి పేర్లు రాసుకొమ్మన్నారు. అధికారి ఒక పేదవాడి నోటిమాటను నమ్మడం ఈనాటికీ అరుదైన దృశ్యమే.

సేన్ ఓటరును ఏమీ కోరలేదా అంటే, ఒక్కటి కోరారు. పేరు. ఇది చిత్రమైన చిక్కు తెచ్చింది. మన వైపు స్త్రీలు వెనుకటి రోజుల్లో భర్త పేరు పలికేవారు కారు. ఉత్తరాదిన పలు ప్రాంతాల్లో స్త్రీలు పరాయివారి ముందు తమ సొంత పేరు చెప్పడానికే ఒప్పుకోలేదు. గణకులు వెళితే "ఫలానావాడి భార్య", "ఫలానావాడి తల్లి" అని రాయించుకున్నారు. జాబితాలు సేన్ దగ్గరకు వచ్చేసరికి ఇటువంటి పద్దులు లక్షల్లో ఉన్నాయి. ఆయన వాటిని అంగీకరించలేదు. ఓటు మనిషిది, ఆమె ఎవరికి ఏమవుతుందన్న దానిది కాదు అన్నది ఆయన పట్టుదల. పేర్లు చెప్పమని మళ్ళీ అడిగించారు. చాలామంది చెప్పారు. అయినా సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు లేక జాబితాల నుంచి తొలగిపోయారు. వీరిలో ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్ ప్రాంతాలవారు.

ఈ నిర్ణయం న్యాయమైనదేనా? అందరికీ ఓటు ఇస్తామని చెప్పి 28 లక్షల మందిని గడప దగ్గర నిలిపివేయడం చిన్న సంగతి కాదు. చదువు అడగకపోయినా, వారు పెరిగిన ఆచారం ఇవ్వనివ్వని దాన్ని అడిగారు గదా అని ఆక్షేపించవచ్చు. అయితే ఈ షరతులో, చదువు షరతులో ఒక భేదం ఉంది. చదువు అప్పటికప్పుడు ఎవరూ తెచ్చుకోలేరు. పేరు ప్రతి మనిషికీ ఉన్నదే. నీకు లేనిది తెమ్మనలేదు, నీలో ఉన్నదాన్ని దాచవద్దన్నారు. కఠినమైన నిర్ణయమే, కానీ ఆ స్త్రీలను చులకన చేసిన నిర్ణయం కాదు. "ఫలానావాడి భార్య" అన్న పద్దుతో ఓటు వేయనిచ్చి ఉంటే ఆ ఓటు ఎవరి ఖాతాలో పడేదో ఊహించుకోవచ్చు.

1951 అక్టోబర్ 25న, మంచు కురిసి దారులు మూసుకుపోకముందే, హిమాచల్ కొండల్లోని చినీ ప్రాంతంలో మొదటి ఓట్లు పడ్డాయి. మిగిలిన దేశంలో పోలింగు తరువాతి కొద్ది నెలల్లో జరిగింది. సుమారు 45 శాతం మంది ఓటు వేశారు. లెక్కింపుకై పెట్టెలు తెరిచినప్పుడు కొన్నింటిలో చీటీలతో పాటు చిల్లర నాణేలు, అభ్యర్థులకు రాసిన అర్జీలు, సినిమా తారల బొమ్మలు కూడా కనిపించాయి. కొందరు ఓటర్లు ఆ పెట్టెను హుండీలా భావించి పూజించారు. చదువుకున్నవారు ఇది విని నవ్వుకున్నారు. నవ్వవలసిన పనేమీ లేదనిపిస్తుంది. జీవితంలో మొదటిసారి ప్రభుత్వం తన మాట అడిగిందని తెలిసినవాడు, ఓటుతో పాటు తన కష్టం కూడా అందులో వేశాడు.

మన ప్రాంతంలో ఆ ఎన్నికలు మరొక విధంగా చిరస్మరణీయమైనవి. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో నల్లగొండ జిల్లా వెట్టిచాకిరికి, దొరల గడీలకు, ఆ పిదప సాయుధ పోరాటానికి పేరుబడ్డ నేల. పోరాట విరమణ జరిగి అప్పటికి కొన్ని నెలలే. తరాలుగా దొర ముందు చెప్పులు చేత పట్టుకొని నడిచిన జనం వరుసలో నిలబడి చీటీలు వేశారు. పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. జవహర్‌లాల్ నెహ్రూకు తన నియోజకవర్గంలో వచ్చినవి 2,33,571. ప్రధానమంత్రి కంటే ఎక్కువ ఓట్లు ఇచ్చింది, సంతకం రాని కూలీ రైతు జనమే.

ఓటరు మన ఇష్టం ప్రకారం నడుచుకుంటేనే యోగ్యుడు అనుకుంటే ఈ లెక్క తప్పుతుంది. అదే ఎన్నికలలో డాక్టర్ అంబేద్కర్ బొంబాయిలో ఓడిపోయాడు. పామరుడికి ఓటు కావాలని వాదించిన మనిషిని ఆ ఓటే ఓడించింది. ఆ ఎన్నిక జరిగిన తీరును ఆయన పిటిషన్ ద్వారా ప్రశ్నించారు. అది వేరే విషయం. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఆయనకు ఓటమే ఎదురైంది. ఓటర్లు తప్పు చేశారని ఈనాడు మనలో అనేకులు అనుకుంటాం. ఆ తప్పు చేసే హక్కే ఓటు.

1977 సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అత్యవసర పరిస్థితి తరువాత జరిగిన ఎన్నికలలో ఉత్తరాది పల్లెలు ఇందిరాగాంధీని రాయబరేలీలోనే ఓడించాయి. నిరక్షరాస్యుడే ప్రజాస్వామ్యాన్ని కాపాడాడని దేశమంతటా సంపాదకీయాలు వచ్చాయి. అదే ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. అయితే బీహార్ రైతు యోగ్యుడు, గుంటూరు రైతు అయోగ్యుడు అనవలసిందేనా? ఎవరి అనుభవం వారిది. ఫలితాన్ని చూసి ఓటరుకు మార్కులు వేయడం మొదలుపెడితే, ఆ మార్కులు వేసేవాడి ఇష్టాయిష్టాలే బయటపడతాయి.

ఇక "ఓటుకు నోటు" మాట. మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఇది దాచినా దాగని రోగం. డబ్బు తీసుకున్నవాడికి ఓటు అర్హత ఏముందని అడిగేవారు, ఆ డబ్బు పంచినవారిని ఒకసారి చూడాలి. వారిలో సంతకం రానివారు అరుదు. ఓటు రహస్యం గనుక, నాలుగు పార్టీల దగ్గరా పుచ్చుకొని తనకు తోచిన గుర్తుకు వేసేవారూ ఉన్నారు. ఇది సమర్థన కాదు. రోగం ఎక్కడుందో చూసి మందు వేయాలన్నదే మనవి.

పరీక్ష పెడితే ఏమవుతుందో అమెరికా దక్షిణ రాష్ట్రాలు చూపించాయి. అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే అక్షరాస్యత పరీక్ష ఉండేది. మిసిసిపీలో రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక ప్రకరణాన్ని ఇచ్చి అర్థం చెప్పమనేవారు. ఏ ప్రకరణం ఇవ్వాలో, చెప్పిన అర్థం సరియైనదో కాదో నిర్ణయించేది నమోదు గుమాస్తా. తెల్లవాడికి తేలిక ప్రశ్న, నల్లవాడికి న్యాయవాదికే కొరుకుడుపడనిది. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చి ఆ పరీక్షలను ఆపేవరకు ఈ తంతు సాగింది. అర్హత కొలిచే త్రాసు ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

మన దేశంలో ఓటరు జోలికి ఎవరూ పోలేదు గానీ, 2015లో హర్యానా రాష్ట్రం పంచాయతీలకు పోటీ చేసేవారికి విద్యార్హత విధించింది. సామాన్యంగా పదవ తరగతి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల పురుషులకు ఎనిమిది. వార్డు సభ్యత్వానికి నిలబడే షెడ్యూల్డు కులాల స్త్రీలకు ఐదు. ఇంట్లో మరుగుదొడ్డి కూడా ఉండాలన్నారు. మంచి చెడు తెలుసుకొనే శక్తి చదువు వల్లనే కలుగుతుందన్న తర్కంతో, ఆ సంవత్సరం డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఆ తీర్పు పట్ల గౌరవంతోనే, ఆ తర్కంతో ఏకీభవించడం కష్టమని చెప్పాలి. ఊళ్ళో బడి లేకపోవడం ఎవరి నేరమో ఆ స్త్రీకి శిక్ష వేసేముందు అడగవలసి ఉండింది. రాజస్థాన్ కూడా ఇటువంటి నిబంధనే పెట్టి, 2019లో రద్దు చేసుకుంది.

హక్కును ఎవరు ఎంత విలువగా చూస్తున్నారన్న దానికి ఒక చిన్న ఉదాహరణ. 2024 లోక్‌సభ ఎన్నికలలో విశ్వవిద్యాలయాలకు, సాఫ్ట్‌వేర్ సంస్థలకు నిలయమైన మహానగరంలోని హైదరాబాద్ నియోజకవర్గంలో ఓటు వేసినవారు సుమారు 48 శాతం. వెనుకటి నల్లగొండ జిల్లాలో ఉండిన భువనగిరి కేంద్రంగా ఉన్న నియోజకవర్గంలో 76 శాతానికి పైగా. నగరంలో జాబితాల లోపాలు, ఇళ్ళు మారినవారి పేర్లు ఉన్న మాట నిజమే. వాటన్నిటినీ తీసివేసినా మిగిలే తేడా చిన్నది కాదు.

చదువుకున్నవారికి ప్రత్యేక గౌరవం మన రాజ్యాంగంలో లేదనుకోరాదు. శాసనమండలి ఉన్న రాష్ట్రాలలో పన్నెండవ వంతు స్థానాలు పట్టభద్రులకు, మరో పన్నెండవ వంతు ఉపాధ్యాయులకు కేటాయించారు. మిల్ కోరిన అదనపు ఓటు ఈ రూపంలో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇప్పటికీ ఉంది. ఆ ఎన్నికలలో ఓటు వేసేవాడు చదువరి గనుక, బ్యాలెట్ పత్రం మీద పార్టీల గుర్తులు ఉండవు. ఎద్దులు, దీపాలు, గుడిసెలు అక్కరలేదు. పేరు చదువుకొని దానికి ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యాన్ని బట్టి అంకెలు వేయాలి. 2021లోనూ, 2025లోనూ తెలంగాణలో పట్టభద్రుల నియోజకవర్గాల ఓట్లు లెక్కించినప్పుడు, అంకెలు సరిగా వేయనందువల్ల, వేయకూడని గుర్తులు వేసినందువల్ల చెల్లకుండా పోయిన ఓట్లు వేల సంఖ్యలో తేలాయి. అధికారులు వాటిని కట్టలు కట్టి పక్కన పెట్టి లెక్కింపు కొనసాగించారు. పట్టభద్రులకు ఓటు తీసివేయాలన్న మాట మాత్రం ఎక్కడా వినపడలేదు.